పిల్లలకు ఇంట్లో చదువు చెప్పబోతున్న అమ్మలుకి పెద్దమ్మ ఉత్తరం

అమ్మలూ,

ఈ జూన్ నుంచి పిల్లలిద్దరినీ బడికి పంపవని, ఇంట్లో నువ్వే చెప్పుకుంటావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. నేను ఏడవలేదు గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. జీవితమంతా హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైనదాన్ని, మా ఇంటి పిల్లే బడి వద్దనుకుంటే మనసు చివుక్కుమనదా? తెల్లారాక మాత్రం గర్వంగానే అనిపించింది. అనుకున్నది చేసే తెగువ మా తరంలో ఎవరికీ లేదు. ఈ మాట మీ అమ్మతో అనకు, నా మీద పడుతుంది.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. బర్త్ సర్టిఫికెట్లు, టీసీలు ఒక ఫైల్లో పెట్టు. పద్నాలుగేళ్లు నిండాక ఎన్‌ఐఓఎస్ అనే కేంద్ర ఓపెన్ స్కూల్ నుంచి గానీ, మీ తెలంగాణ ఓపెన్ స్కూల్ నుంచి గానీ పదో తరగతి రాయొచ్చు. సైన్సు తీసుకుంటే ప్రాక్టికల్స్ ఉంటాయి, అది గుర్తుంచుకో. రోజూ పొద్దున్నే స్థిమితంగా రెండు గంటలు కూర్చుంటే ఈ వయసు పిల్లలకు చాలు. బడి టైంటేబుల్ ఇంట్లోకి తెచ్చుకోకు. అదే చేసేదానికి బడి మాన్పించడం దేనికి?

ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతి. పెద్దాడు చేతులతో చేసి నేర్చుకునే రకమనీ, చిట్టి చదివి నేర్చుకునే రకమనీ, అందుకని వాడికి ప్రయోగాల కిట్లు, దానికి కథల పుస్తకాల సెట్టు విడివిడిగా అమెరికా నుంచి తెప్పిస్తున్నావట. సైన్సుకి రెండు, హిస్టరీకి రెండు, మొత్తం నాలుగు పెట్టెలు. డబ్బు సంగతి అటుంచు. ఈ పంపకం నేను ఒకసారి మా ఇంట్లోనే చూశానమ్మా.

మీ తాతయ్య శ్రీశైలం ప్రాజెక్టు పనుల మీద ఉన్నప్పుడు నన్ను గుంటూరులో మా నాయనమ్మ దగ్గర ఉంచి, మీ అమ్మనీ మామయ్యనీ తనతో తీసుకెళ్లారు. మంచి బడి దగ్గర్లో లేదని రెండేళ్లు తనే చదువు చెప్పారు. ఇప్పుడు నువ్వు చేస్తున్నదే, పేరొక్కటే లేదు. పిల్లల్ని ఎంతో శ్రద్ధగా గమనించే మనిషి ఆయన. వారం తిరక్కుండానే తేల్చేశారు: తమ్ముడిది చేతిపని బుర్ర, చెల్లెలిది పుస్తకాల బుర్ర. తమ్ముణ్ణి వెంటబెట్టుకుని సైటుకి వెళ్లేవారు. కాంక్రీటు పోశాక రోజుల తరబడి ఎందుకు తడుపుతారో వాడు తొమ్మిదేళ్లకే చెప్పేవాడు. మీ అమ్మ ఇంట్లో కూర్చుని చరిత్ర పుస్తకం చదివేది. శాతవాహనుల నుంచి కాకతీయుల దాకా రాజుల పేర్లు వరసగా అప్పజెప్పేది. వచ్చిన చుట్టాలందరి ముందూ ఇద్దరి చేతా ప్రదర్శన చేయించేవారు. అందరూ మెచ్చుకునేవారు. నాకూ ముచ్చటగానే ఉండేది.

ఒక వేసవి సెలవుల్లో నేను అక్కడికి వెళ్లాను. తమ్ముడు విప్పిపడేసిన టార్చిలైటు ముక్కలు ముందేసుకుని మీ అమ్మ ఒక్కతే బిగించుకుంటోంది. నాన్న అడుగుల చప్పుడు వినగానే గబగబా అన్నీ పక్కకు తోసి పుస్తకం తెరిచింది. ఎవరూ తిట్టేవాళ్లు లేరు, కొట్టేవాళ్లు లేరు. అయినా ఆ పని తనది కాదని దానికి అప్పటికే తెలిసిపోయింది. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకుంటానంటే, 'నీకా ప్రాక్టికల్సూ అవీ ఎందుకమ్మా, నువ్వు చదువుకునే పిల్లవి' అని నాన్న హెచ్‌ఈసీలో చేర్పించారు. ప్రేమగానే అన్నారు. మీ ఇంట్లో ఫ్యూజు పోతే ఈనాటికీ మీ అమ్మ చీకట్లో కూర్చుని ఎలక్ట్రీషియన్ కోసం ఎందుకు చూస్తుందో ఇప్పుడైనా అర్థమైందా? ఊరికే వెక్కిరిస్తూ ఉంటావు.

మీ మామయ్య సంగతి ఇంకా కష్టం. అక్షరాలు వాడికి తారుమారయ్యేవి. చదవమంటే కడుపునొప్పి వచ్చేది. 'వాడు చేతిపని వాడులే' అని అందరం తేలిగ్గా తీసుకున్నాం, అందుకని ఆ ఇబ్బంది ఏమిటో ఎవరూ చూడలేదు. దాన్ని డిస్‌లెక్సియా అంటారని మాకు తెలిసేసరికి వాడికి మనవలు పుట్టారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ రిపోర్టు రాయాల్సి వస్తే రాత్రిపూట మీ అమ్మకి ఫోన్ చేసేవాడు. అది రాసి పెట్టేది. అందుకే చెబుతున్నాను. పెద్దాడు పుస్తకం ముట్టుకోవడం లేదంటే అది వాడి 'రకం' అని సర్దుకోకు. ఒక పేజీ పైకి చదివించి చూడు. తడబడుతుంటే ఒకసారి పరీక్ష చేయించు. హైదరాబాదులో ఇప్పుడు అందుకు మనుషులున్నారు. అన్నిటికంటే ముందు ఈ పని చెయ్యి, పెట్టెల సంగతి తర్వాత.

ఇంకోటి. చూసి నేర్చుకునేవాళ్లు, విని నేర్చుకునేవాళ్లు అంటూ పిల్లల్ని విడదీసి ఎవరికి తగ్గట్టు వాళ్లకు చెబితే ఎక్కువ నేర్చుకుంటారనడానికి తగిన రుజువులు లేవని 2008లో నలుగురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ తిరగేసి తేల్చారు. ఇష్టాలు వేరుగా ఉండవని కాదు, ఉంటాయి. ఒకడికి ఉప్మా ఇష్టమని జీవితాంతం ఉప్మాయే పెడతామా?

మరి ఏం కొనాలంటావా? ముందు ఏమీ కొనకు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వాళ్ల సైట్లోనే ఉచితంగా ఉన్నాయి. మన రాష్ట్రాల తెలుగు పుస్తకాలూ దొరుకుతాయి. ఆరో తరగతి సైన్సు, సోషల్ వెన్నెముకలా పెట్టుకో. పారేసే సామానుతో సైన్సు బొమ్మలు చేసి చూపించే అరవింద్ గుప్తా వీడియోలూ ఉచితమే. లెక్కలు, భాషలు ఎవరి స్థాయికి వాళ్లకు విడిగా చెప్పు. సైన్సు, హిస్టరీ మాత్రం ఇద్దరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి ఒకే పాఠం చెప్పు. పదకొండేళ్లవాడు లోతుగా వెళ్తాడు, ఎనిమిదేళ్లది అందినంత తీసుకుంటుంది. నీకూ సగం చాకిరీ తగ్గుతుంది.

బయటి దేశం సెట్లు చెడ్డవని అనను, అచ్చు చాలా బాగుంటుంది. కానీ వాటిలో ఋతువులంటే మంచు కురవడం, ఆకులు ఎర్రబడటం. మన తొలకరి ఎక్కడుంది? మే రెండో వారంలో ఒక మధ్యాహ్నం హైదరాబాదులో నిలువు కర్ర నీడ మాయమైపోతుంది, ఆగస్టు మొదట్లో మళ్లీ ఇంకోసారి. సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అమెరికా పెట్టెలో ఈ ప్రయోగం ఉండదు. హవాయి తప్ప ఆ దేశంలో మరే రాష్ట్రంలోనూ సూర్యుడు నడినెత్తికి రాడు మరి. మీ డాబా మీద దీనికి ఒక కర్ర చాలు.

సైన్సూ హిస్టరీ ఒకే పాఠంలో ఎలా వస్తాయంటావేమో. మన గుంటూరే తీసుకో. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. జాన్సెన్ అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త దాన్ని చూడటానికి గుంటూరు వచ్చాడు. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి పాగ్సన్ మచిలీపట్నం వెళ్తే, ఆ అబ్జర్వేటరీలోనే పనిచేసే చింతామణి రఘునాథాచారి వనపర్తి వెళ్లాడు. సూర్యుడి అంచున ఎగసే మంటల వెలుగును విడగొడితే మెరిసే గీతలు కనిపించాయి. ఆ గీతలు అంత కాంతిగా ఉంటే గ్రహణం లేనప్పుడూ కనిపించాలి కదా అనుకుని, మర్నాడు జాన్సెన్ మళ్లీ చూశాడు. కనిపించాయి! అందులో ఒక పసుపు గీతను సోడియందేమో అనుకున్నారు మొదట. కాదు, ఇదేదో కొత్త మూలకమని ఇంగ్లండులో లాకియర్ అనే ఖగోళ శాస్త్రవేత్త పట్టుబట్టాడు. దానికి హీలియం అని పేరు పెట్టాక, 1895లో రామ్సే అనే రసాయన శాస్త్రవేత్త దాన్ని భూమ్మీద ఒక ఖనిజంలోంచి తీసి చూపించేదాకా గొడవ తెగలేదు. 'హీలియంని గుంటూరులో కనిపెట్టారు' అని ఒక్క ముక్కలో చెప్పేస్తే పిల్లలకు ఈ పెనుగులాటంతా పోతుంది.

ఇప్పుడు పాత సీడీతో, అట్టపెట్టెతో వెలుగును రంగులుగా విడగొట్టి చూపించే స్పెక్ట్రోస్కోపు ఒకటి చేయించు. పాత ట్యూబ్‌లైట్ వెలుగులో గీతలు విడివిడిగా కనిపిస్తాయి, ఎల్‌ఈడీలో రంగులు పట్టీలా కలిసిపోతాయి. కట్టింగూ అంటించడమూ సగం చిట్టి చేయాలి, వంకరగా వచ్చినా సరే, నువ్వు సరిచేయకు. గ్రహణం కథ పెద్దాడు చెప్పాలి. రాయలేకపోతే మొదట్లో వాడు చెబుతుంటే నువ్వు రాసిపెట్టు, రెండు వాక్యాలు మాత్రం వాడి చేత్తో రాయించు. నెల తర్వాత మూడు. ఏడుస్తాడు. ఏడ్చినా నువ్వు కరిగిపోకు, అలాగని మా నాన్నలా వదిలేయనూ వద్దు.

ఒట్టేసి చెప్పు: ఆ పెట్టెని సూర్యుడి వైపు తిప్పి ఎవరూ చూడకూడదు. ఒక్క క్షణం కూడా. ఎక్స్‌రే ఫిలిం, మసి పట్టిన గాజు అంటూ ఎవరైనా సలహాలిస్తే వినకు. కంట్లో రెటీనా కాలిపోతున్నా నొప్పి తెలియదు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ గ్రహణం వస్తుందంటే చాలు, నాకు బీపీ పెరిగేది. నీ పెద్దాడు చెప్పిన మాట వినే రకం కాదు, ఇది మాత్రం నిజంగానే వాడి రకం.

వర్షాలు పడి సాగర్‌లో నీళ్లు నిండాక నాగార్జునకొండ లాంచీ ఎక్కించండి. ఆనకట్ట కడితే లోయంతా మునుగుతుందని 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి, దొరికిన వాటిని కొండ మీదికీ, ఒడ్డునున్న అనుపుకీ చేర్చారు. ఊరు మునగడం తప్పా, నీళ్లు రావడం ఒప్పా అని పిల్లలిద్దరినీ వాదించుకోనివ్వు, నువ్వు తీర్పు చెప్పకు. మీ అమ్మని కూడా తీసుకెళ్లు. ఆ లోయను ఏలిన ఇక్ష్వాకుల పేర్లు ఇప్పటికీ వరసగా చెబుతుంది.

ఆ నాలుగు పెట్టెలకీ డబ్బు ఇంకా కట్టలేదనే అనుకుంటున్నాను. కట్టే ముందు లోపల ఏమేం ఉంటాయో ఆ లిస్టు ఫోటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి. భూతద్దం, అయస్కాంతం, బీకర్లు ఇక్కడ కొత్తపేటలో నేనే కొని పంపుతాను.

మీ పెద్దమ్మ