పాట చదువు కోసం ప్లాటు అమ్మాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. తొమ్మిదేళ్లుగా కర్ణాటక గాత్రం నేర్చుకుంటోంది. ఎప్‌సెట్‌లో 31 వేల ర్యాంకు వచ్చినా ఇంజినీరింగ్ వద్దంటోంది. ఇంగ్లండ్‌లో సంగీతాన్నీ సంగీత పరిశ్రమనూ కలిపి చెప్పే మూడేళ్ల డిగ్రీలో చేరతానంటోంది. మొత్తం డెబ్బై లక్షలు అవుతుందని కన్సల్టెన్సీ వారు చెప్పారు. ఘట్‌కేసర్ దగ్గర ఉన్న ఒక్క ప్లాటూ అమ్మాలి. మావారు ససేమిరా అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అమ్మా, ప్లాటు అమ్మకండి. అలాగని అమ్మాయిని బలవంతంగా ఇంజినీరింగ్‌లోనూ చేర్చకండి. తొమ్మిదేళ్లు మానకుండా పాఠానికి వెళ్లిన పిల్ల ఇది. ఆమె కోరికను సరదా అని కొట్టిపారేయడం అన్యాయం.

సంగీతంతో బతికే పనుల్లో సర్టిఫికెట్ అడిగేవి కొన్ని, అసలే అడగనివి చాలా. ఈ తేడా తెలియకుండా కాలేజీ ఎంచుకుంటే డబ్బు ఒకచోట పోస్తారు, ఫలితం కోసం మరొకచోట ఎదురుచూస్తారు.

అడగని పనులు ముందు చెబుతాను. పాడటం, ట్యూన్ కట్టడం, కీబోర్డ్ ప్రోగ్రామింగ్, గొంతునూ వాద్యాలనూ తూకంగా కలిపే మిక్సింగ్, సినిమాకు నేపథ్య సంగీతం కూర్చే రీరికార్డింగ్. సంగీత దర్శకుడు ట్రాక్ పాడటానికి కొత్త గొంతును పిలిచినప్పుడు శ్రుతి నిలుస్తోందా, చెప్పిన సంగతి (స్వరాల మెలిక) వెంటనే పలుకుతోందా, మాటలోని భావం తెలుస్తోందా అనే చూస్తాడు. ఘంటసాల విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో పద్ధతిగా చదువుకున్నారు. బాలసుబ్రహ్మణ్యం అనంతపురంలో ఇంజినీరింగ్‌లో చేరినవారు, శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోలేదు. మైకు ముందు ఇద్దరికీ ఒకటే పరీక్ష. ఆకాశవాణి కూడా గొంతు విని, ఆడిషన్‌లో నెగ్గితేనే బి, బి హై, ఎ, టాప్ అని గ్రేడు ఇస్తుంది.

ఇక డిగ్రీ లేకుండా లోపలికి రానివ్వని పనులు. కేంద్రీయ విద్యాలయాల్లో సంగీతం టీచరు కావాలంటే ఇంటర్‌తో పాటు సంగీతంలో డిగ్రీ ఉండాలి. విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పాలంటే సాధారణంగా పీజీ చేసి, నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష దాటాలి. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో సౌండ్ రికార్డింగ్, సౌండ్ డిజైన్ అని మూడేళ్ల పీజీ డిప్లొమా ఉంది. దానికి ఏ డిగ్రీ అయినా సరిపోతుంది గాని, ఇంటర్‌లో ఫిజిక్స్ చదివి ఉండాలి. మీ అమ్మాయి చదివింది! ఎంపీసీ రెండేళ్లూ వృథా అయ్యాయని ఇంట్లో ఎవరైనా అంటుంటే ఈ మాట చెప్పండి. శ్రుతి తెలిసిన చెవి, ధ్వని శాస్త్రం తెలిసిన బుర్ర రెండూ ఉన్న ఆడపిల్లలు మన స్టూడియోల్లో ఇంకా ఎక్కువమంది రావాలని నా కోరిక.

మూడోది మీ అమ్మాయి అంటున్న ‘పరిశ్రమ’. ఇంగ్లండ్ కోర్సుల్లో పాటల హక్కులు, పబ్లిషింగ్, ఒప్పందాలు, కచేరీల నిర్వహణ, ప్రచారం వంటివి చెబుతారు. అవసరమైన చదువే. మన దగ్గర ఆ చదువు లేక నష్టపోతున్నవారిని చూస్తూనే ఉన్నాను. రెండేళ్ల క్రితం వరంగల్ వైపు నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. తానే రాసి, తానే బాణీ కట్టిన జానపద పాటను ఒక యూట్యూబ్ చానల్‌కు పదిహేను వేలకు ఇచ్చేశాడు. పాట ఊరూరా పెళ్లి బరాత్‌లలో మోగింది. ఆ అబ్బాయి సంతకం పెట్టిన స్టాంపు కాగితం మీద మాత్రం ‘ఈ పాట మీద నాకు ఎలాంటి హక్కూ లేదు’ అని ఉంది. చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది.

నిజానికి 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ ప్రకారం, పాట రాసినవారూ బాణీ కట్టినవారూ తమ రాయల్టీ వాటాను వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప మరెవరికీ వదులుకోలేరు. వదులుకున్నట్టు రాసుకున్నా చెల్లదు. హక్కులు బదిలీ చేసే ఒప్పందంలో గడువు రాయకపోతే 5 ఏళ్లుగానూ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేననీ చట్టం భావిస్తుంది. రచయితలు, స్వరకర్తల తరఫున రాయల్టీ వసూలు చేసే ఐపీఆర్ఎస్ 1969 నుంచి ఉంది. గాయకులకు 2013లో ఇస్రా అనే సంఘం ఏర్పడింది. (రాకెట్ల ఇస్రో కాదు, చాలామంది పొరబడతారు.) ఆ అబ్బాయికి వీటిలో ఒక్కటీ ఎవరూ చెప్పలేదు.

మరి అంత అవసరమైన చదువును వద్దంటున్నానేమని అడుగుతారు. వద్దనడం లేదు, ఇప్పుడు వద్దంటున్నాను. మన దగ్గర పాటల వ్యాపారం ఎక్కువగా సినిమా చుట్టూ తిరుగుతుంది. నిర్మాత పాటల హక్కులను ఆడియో కంపెనీకి అమ్ముతాడు, తర్వాతి లెక్కలన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి. ఈ లెక్క తెలియని పద్దెనిమిదేళ్ల పిల్లకు అక్కడి పాఠాన్ని ఇక్కడి పనికి అన్వయించుకోవడం కష్టం. ఇక్కడ డిగ్రీ చేసి, రెండేళ్లు పనిచేసి వెళితే అదే పాఠం సగం ఇట్టే అర్థమవుతుంది. పైగా ఇంగ్లండ్‌లో మాస్టర్స్ సాధారణంగా ఏడాదే. మూడేళ్ల ఖర్చు ఉండదు, అప్పటికి స్కాలర్‌షిప్ అడగడానికి చేసి చూపించిన పనీ ఉంటుంది. అమ్మాయి మనసు ఒప్పందాల వైపే ఉంటే క్లాట్ అనే ప్రవేశ పరీక్ష రాసి శామీర్‌పేటలోని నల్సార్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదవవచ్చు. సంగీతం తెలిసిన న్యాయవాది మన పాటగాళ్లకు ఎంత అండో ఆ వరంగల్ అబ్బాయిని అడిగితే చెబుతాడు.

ఈ సంవత్సరానికి నా సలహా ఇది. నగరంలోనే తనకు నచ్చిన మామూలు డిగ్రీలో చేర్చండి. బీకాం అయినా మంచిదే, రాయల్టీ స్టేట్‌మెంట్ చదవడానికి లెక్కలు రావాలి. దానితో పాటు రాంకోఠిలోని త్యాగరాయ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలకు గానీ సికింద్రాబాద్‌లోని భక్త రామదాసు కళాశాలకు గానీ వెళ్లి అడగండి. సర్టిఫికెట్ నాలుగేళ్లు, ఆపైన డిప్లొమా రెండేళ్లు. తొమ్మిదేళ్ల సాధన ఉంది కనుక ఏ సంవత్సరంలో చేర్చుకుంటారో అక్కడే తేల్చుకోండి. బోధన వైపు వెళ్లాలనుకుంటే 1985లో మొదలై, తర్వాత పొట్టి శ్రీరాములు పేరు పెట్టుకుని, ఇప్పుడు సురవరం ప్రతాపరెడ్డి పేరుతో నడుస్తున్న తెలుగు విశ్వవిద్యాలయంలో సంగీత శాఖ ఉంది. రెండు చదువులు ఒకేసారి చదవడానికి 2022 నుంచి యూజీసీ అనుమతిస్తోంది, తరగతుల వేళలు ఢీకొనకుండా చూసుకోవాలి.

ఇంట్లో ఒక మంచి మైకు, దాన్ని కంప్యూటర్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్, హెడ్‌ఫోన్లు కొనివ్వండి. ముప్పై నలభై వేలలో అయిపోతుంది. వారానికొక పాట తానే రికార్డు చేసి, తానే మిక్స్ చేయాలి. ఏడాది తర్వాత ఆ యాభై పాటలూ వరుసగా వింటే, పాడటం ఇష్టమో, మిక్సింగ్ దగ్గర కూర్చోవడం ఇష్టమో, పాటను పదిమందికి చేర్చడం ఇష్టమో నాకంటే ఆమెకే బాగా తెలుస్తుంది.

మీవారి సంగతి. ఆయన మొండితనం వెనక మీరు రాయని భయం ఒకటి ఉందేమో. రికార్డింగులు రాత్రి పొద్దుపోయేదాకా సాగుతాయి, పిల్ల ఒంటరిగా స్టూడియోలుండే కృష్ణానగర్ నుంచి ఇంటికి రావాలి. ఆ భయం అబద్ధం కాదు. దాన్ని దాచి డబ్బు గురించి వాదించుకుంటే ఎన్నాళ్లయినా తెగదు. ముందుగా స్టూడియో పేరు, పిలిచినవారి పేరు ఇంట్లో చెప్పడం, మొదటి ఏడాది ఎవరో ఒకరు తోడు వెళ్లడం, చెల్లింపు ఎంతో ముందే రాతపూర్వకంగా అడగడం. ఈ మూడింటికీ అమ్మాయి ఒప్పుకుంటే ఆయన కూడా మెత్తబడతారని నా నమ్మకం. రాంకోఠికి వెళ్లే రోజు ఆయననే తీసుకెళ్లమనండి. అమ్మాయి అక్కడ ఒక కీర్తన పాడేటప్పుడు ఆయన పక్కనే కూర్చుని వినాలి.