నల్ల అక్షరాలను "సింగిల్ బ్లాక్" చేయమని ప్రెస్‌వాళ్లు ఎందుకు అడుగుతారు?

మీరు అడిగింది ఇదీ: పిల్లల కథల పుస్తకం ఫొటోషాప్‌లో చేశారు, బొమ్మల మీదే కథ టైప్ చేశారు. ప్రెస్‌వాళ్లేమో "టెక్స్ట్ నాలుగు రంగుల్లో ఉంది, సింగిల్ బ్లాక్ చేసి పంపండి" అన్నారు. స్క్రీన్ మీద నల్లగానే ఉంది కదా, మార్చకపోతే ఏమవుతుంది?

తప్పకుండా మార్చండి. మీ ప్రెస్‌వాళ్లు ముందే చూసి చెప్పారంటే మంచివాళ్లు దొరికినట్టే. నాకు ఎవరూ చెప్పలేదు. కొన్నేళ్ల కిందట ఇలాంటి పుస్తకమే చేశాను. 32 పేజీలు, 1000 కాపీలు. కట్ట విప్పి మొదటి కాపీ తెరిస్తే బొమ్మలు చక్కగా వచ్చాయి గానీ, అక్షరాలు ఎందుకో అలుక్కుపోయినట్టున్నాయి. భూతద్దం పెట్టి చూస్తే ప్రతి అక్షరానికీ ఒక పక్క గులాబీ అంచు, ఇంకో పక్క లేత నీలం నీడ. మొదటి పేజీలోనే "కథ" అన్న మాట ఉంది. అందులో థ పొట్టలోని చుక్క కనిపించడం లేదు. చుక్క చుట్టూ ఉండాల్సిన తెల్ల జాగాలోకి రంగు దిగిపోయింది. "జ్యోత్స్న" అన్న పేరులో వత్తులన్నీ ఒకే ముద్ద. అప్పుడప్పుడే కూడబలుక్కుని చదివే పిల్లల చేతికి ఆ పుస్తకం ఇవ్వడానికి మనసు ఒప్పలేదు. మొత్తం మళ్లీ వేయించాను.

ఏం జరిగిందో తర్వాత అర్థమైంది. స్క్రీన్ మీద నలుపంటే వెలుతురు లేకపోవడమే. మల్టీకలర్ ఆఫ్‌సెట్‌లో, అంటే ప్లేట్లతో రంగుల్లో అచ్చు వేసే పద్ధతిలో, అలా కాదు. సయాన్ (లేత నీలం), మజెంటా (గులాబీ), ఎల్లో (పసుపు), బ్లాక్ (నలుపు) అని రంగుకొకటి చొప్పున నాలుగు ప్లేట్లుంటాయి, కాగితం ఒక్కో రంగు దగ్గరా ఒక్కోసారి అచ్చు వేయించుకుంటుంది. ఫొటోషాప్‌లో ఆర్‌జీబీ (స్క్రీన్ రంగుల) మోడ్‌లో టైప్ చేసిన నలుపును సీఎంవైకేకి, అంటే ఈ నాలుగు ఇంకుల మోడ్‌కి మారిస్తే, అమెరికా సెట్టింగులతో వచ్చే మామూలు ప్రొఫైల్‌లో (రంగులు మార్చే లెక్కలో) అది సయాన్ 75, మజెంటా 68, ఎల్లో 67, బ్లాక్ 90 శాతంగా విడిపోతుంది. కలిపితే 300 శాతం ఇంకు! అంత సన్నటి అక్షరం మీద నాలుగు రంగులు ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోవాలి. కాగితం తేమకి కాస్త సాగుతుంది, మిషన్ మీద కాస్త జరుగుతుంది. బొమ్మల్లో ఆ తేడా కంటికి ఆనదు, అక్షరాల్లో వెంటనే పట్టిస్తుంది. ప్రెస్‌వాళ్లు "రిజిస్ట్రేషన్ అవుట్ అయింది" అనేది దీన్నే.

దీనికి తోడు ఇంకో సంగతి ఉంది, చాలామంది గమనించరు. పై లెక్కలో బ్లాక్ కూడా 90 శాతమే. 100 కన్నా తక్కువ ఉన్న ఏ రంగైనా చిన్న చిన్న చుక్కలుగానే అచ్చవుతుంది. అంటే నాలుగు ప్లేట్లలోనూ అక్షరం అంచు చుక్కల అంచే, ఎక్కడా గట్టి గీత ఉండదు. బ్లాక్ ఒక్కటే 100 ఉంచి మిగతా మూడూ సున్నా చేస్తే అక్షరం ఒకే ప్లేట్ మీద, చుక్కలు లేని నిండు గీతగా పడుతుంది. ఇక జరగడానికి పక్కన ఇంకో రంగే ఉండదు. సింగిల్ బ్లాక్ అంటే ఇదే. కథ టెక్స్ట్‌ని బూడిదరంగులో పెట్టొద్దని చెప్పేదీ ఇందుకే. 60 శాతం నలుపంటే మళ్లీ చుక్కలే.

ఇప్పుడు మీ ఫైల్ సంగతి. ఆర్‌జీబీ ఫైల్‌లో ఉండగానే కలర్ బాక్సులో 0, 0, 0, 100 అని కొడితే లాభం లేదు, అది ముదురు బూడిదరంగుగా మారిపోతుంది. ముందు ఫైల్‌ని సీఎంవైకేకి మార్చండి. మార్చేటప్పుడు లేయర్లను ఫ్లాటెన్ చేయమంటారా (అన్నీ ఒకే పొరగా కలిపేయమంటారా) అని అడుగుతుంది, వద్దనండి. ఆ తర్వాతే ఒక్కో టెక్స్ట్ లేయర్‌కి 0, 0, 0, 100 ఇచ్చి, బ్లెండింగ్ మోడ్ మల్టిప్లైలో పెట్టండి. స్క్రీన్ మీద కాస్త వెలిసినట్టు కనిపిస్తుంది, కంగారు పడకండి, అచ్చులో సరిగానే వస్తుంది.

మల్టిప్లై ఎందుకంటే, మామూలుగా వదిలేస్తే అక్షరం ఉన్నచోట కింద ఉన్న బొమ్మ కత్తిరించుకుపోతుంది. అలా ఏర్పడిన తెల్ల ఖాళీలో నలుపు పడాలి. ఏమాత్రం జరిగినా అక్షరం పక్కన తెల్లటి సన్నగీత తేలుతుంది. బొమ్మ చెక్కుచెదరకుండా దాని మీదే నలుపు పడితే ఆ బాధ లేదు. దీన్ని ఓవర్‌ప్రింట్ అంటారు. కోరల్‌డ్రాలో అక్షరాల మీద రైట్ క్లిక్ చేస్తే ఓవర్‌ప్రింట్ ఫిల్ అని కనిపిస్తుంది. ఇన్‌డిజైన్‌లో అయితే దానితో పాటే వచ్చే బ్లాక్ స్వాచ్ (రంగుల జాబితాలోని నలుపు) వాడితే చాలు, అది తనంతట తానే ఓవర్‌ప్రింట్ అవుతుంది. మీరు సొంతంగా చేసుకున్న నలుపు మాత్రం అవ్వదు. ఆ స్వాచ్‌ల దగ్గరే రిజిస్ట్రేషన్ అని ఇంకోటి ఉంటుంది, చూడ్డానికి అచ్చం నలుపే. అది నాలుగు ప్లేట్లలోనూ 100 శాతం పడుతుంది, దాని జోలికి వెళ్లకండి. తెల్ల అక్షరాలకు ఓవర్‌ప్రింట్ పొరపాటున కూడా పెట్టకూడదు, అచ్చులో అవి మాయమైపోతాయి.

నన్నడిగితే, మీకు వ్యవధి ఉంటే ఫొటోషాప్‌లో బొమ్మలు మాత్రమే ఉంచి, కథని ఇన్‌డిజైన్‌లో కొత్తగా పేర్చుకోండి. పారాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకుంటే వత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చుంటాయి. రెండు రోజుల పని పెరుగుతుంది గానీ, తర్వాత అక్షరదోషం దిద్దాలన్నా, సైజు మార్చాలన్నా చాలా సులువు. పీడీఎఫ్ చేసేటప్పుడు రంగులు మార్చే దగ్గర "ప్రిజర్వ్ నంబర్స్" ఉన్న ఆప్షన్ తీసుకోండి. లేకపోతే కష్టపడి పెట్టిన సింగిల్ బ్లాక్ మళ్లీ నాలుగు రంగులైపోవచ్చు.

అట్ట మీద పేరు పెద్ద అక్షరాల్లో ఉంటే దాని లెక్క వేరు. అంత వెడల్పున ఒక్క నలుపే వేస్తే వెలవెలబోతుంది, కింద బొమ్మ ఉంటే అది తొంగిచూస్తుంది కూడా. అలాంటిచోట సయాన్ 60, మజెంటా 40, ఎల్లో 40, బ్లాక్ 100 లాంటి చిక్కటి నలుపు బాగుంటుంది. ఏ అంకెలు వాడాలో మీ ప్రెస్‌వాళ్లనే అడగండి, కాగితాన్ని బట్టి వాళ్లకో లెక్క ఉంటుంది. అయితే ఆ చిక్కటి నలుపు మీద సన్నటి తెల్ల అక్షరాలు వేయకండి, పూడిపోతాయి.

పంపేముందు అక్రోబాట్ ప్రోలో పీడీఎఫ్ తెరిచి, ప్రింట్ ప్రొడక్షన్ కింద అవుట్‌పుట్ ప్రివ్యూ చూడండి. నాలుగు రంగుల పేర్ల పక్కన టిక్కులుంటాయి. బ్లాక్ పక్కన టిక్కు తీసేయగానే కథంతా మాయమైపోయి బొమ్మలు మాత్రమే మిగలాలి. ఎక్కడైనా గోధుమరంగులో అక్షరాల నీడ మిగిలిందంటే ఆ పేజీలో ఇంకా నాలుగు రంగులున్నట్టే. 32 పేజీలూ ఇలా చూడ్డానికి నాకు పది నిమిషాలు కూడా పట్టలేదు. లేజర్ ప్రింట్ ప్రూఫ్ చూసి సరిపెట్టుకోవద్దు, ఆఫ్‌సెట్‌లో రంగు జరిగితే ఎలా ఉంటుందో అది చూపించదు.

ఇంతకీ మీ దగ్గర టెక్స్ట్ లేయర్లున్న పీఎస్‌డీ (ఫొటోషాప్ ఫైల్) ఉందా, జేపెగ్ మాత్రమే మిగిలిందా? జేపెగ్ మాత్రమే ఉంటే దాన్ని బాగుచేయడానికి తంటాలు పడకండి, అక్షరాలు లేని బొమ్మలు తెచ్చుకుని కథ మళ్లీ టైప్ చేయండి. ఏ సాఫ్ట్‌వేర్, ఏ వెర్షనో చెబితే మిగతాది స్టెప్పుల వారీగా రాస్తాను.