ఆఫర్ లెటర్ చేతికొచ్చేదాకా ఎవరికీ చెప్పకు

చిట్టితల్లీ,

నువ్వు వేరే కంపెనీకి మారబోతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. గచ్చిబౌలి హాస్టల్లో బిక్కుబిక్కుమంటూ దిగిన పిల్లవి, నీ అంతట నువ్వే ఇంకో ఉద్యోగం తెచ్చుకున్నావంటే ఎంత గర్వంగా ఉందో! "ఆఫీసులో అందరికీ చెప్పేసిందా ఏమిటి?" అని అడిగితే, "ఏమోనక్కా, దాని నోట్లో మాట దాగదుగా" అంది. అప్పటినుంచీ నాకు టెన్షన్.

కొత్త కంపెనీవాళ్లు ఫోన్లో అన్న మాట లెక్కలోకి రాదు, ఆఫర్ లెటర్ కాగితం మీద రావాలి. పీఎఫ్ డబ్బు తీసెయ్యకు, అదే యూఏఎన్ మీద, అంటే కంపెనీ మారినా మారని నీ పీఎఫ్ నంబరు మీద, కొత్త కంపెనీకి మార్పించుకో. నీకు ఐదేళ్లు నిండడానికి ఇంకా రెండు నెలలుందట. నిండితే గ్రాట్యుటీ, అంటే మానేసేటప్పుడు సర్వీసుని బట్టి కంపెనీ ఇచ్చే డబ్బు, వస్తుంది, ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున. రాజీనామా ఇచ్చాక నోటీసులో పనిచేసిన రోజులూ సర్వీసే కాబట్టి, ఆఖరి రోజు ఐదేళ్లు దాటాకే పడేలా చూసుకో.

నేను జీడిమెట్లలో అకౌంట్స్ చూసేటప్పుడు మా సెక్షన్‌లో ఒకబ్బాయి ఉండేవాడు. ఇంకోచోట ఉద్యోగం ఖాయమని ఫోనొచ్చింది. మధ్యాహ్నం క్యారేజీ విప్పుతూనే స్నేహితుడికి చెప్పేశాడు. ఆ స్నేహితుడు చెడ్డవాడేం కాదు. సంతోషం పట్టలేక సాయంత్రం బస్సులో ఇంకొకరితో అన్నాడు. మర్నాటికి మేనేజరు దాకా వెళ్లింది. పిలిచి అడిగినవాళ్లు లేరు, తిట్టినవాళ్లు లేరు. ఆడిట్ ఫైళ్లు మాత్రం అతని బల్ల మీదికి రావడం మానేశాయి. ఇంక్రిమెంట్ల జాబితాలో పేరు లేదు. అవతలివాళ్లేమో ఈ ఏడాది ఎవర్నీ తీసుకోవడం లేదన్నారు. వెళ్లిపోయేవాడన్న ముద్రతో అక్కడే మిగిలిపోయాడు. ఆ స్నేహితుడు అతని మొహం చూడలేక భోజనానికి వేరే బల్లకి మారాడు.

నీ పక్క సీటు పిల్లంటే నీకు ప్రాణమని తెలుసు. తనకి దాస్తే మోసం చేసినట్టు అనిపిస్తుంది. కానీ మేనేజరు అడిగితే తను నీకోసం అబద్ధమైనా ఆడాలి, నిన్ను పట్టైనా ఇవ్వాలి. ఆ ఇరకాటంలోకి నెట్టకు తల్లీ. రాజీనామా పంపి, మేనేజరుతో మాట్లాడి బయటికి రాగానే మొదట తన దగ్గరికే వెళ్లు, ఇంకొకరి నోట విననివ్వకు. నీ పని ఎవరి మీద పడుతుందో వాళ్లకీ ఆ రోజే చెప్పు. కొత్త జీతం ఎంతో మాత్రం ఎవరికీ అక్కర్లేదు.

ఇప్పటికే ఎవరితోనైనా అనేశావా? తిట్టనులే, నిజం చెప్పు. వేళకి తింటున్నావా అసలు? ఆదివారం ఇంటికి రా, నీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసుకురా. నోటీసు ఎన్నాళ్లో చూసి, తేదీలు ఇద్దరం కూర్చుని లెక్కేద్దాం.

మీ పెద్దమ్మ