వాక్యాన్ని అన్వయించుకోవడమా, గైకొనడమా?

సందేహం: నేను సండే స్కూల్లో పాఠం చెబుతాను. ‘వాక్యాన్ని మన జీవితానికి అన్వయించుకోవాలి’ అని ప్రసంగాల్లో తరచూ వింటాం. అన్వయం అంటే పద్యంలో పదాలను అర్థమయ్యే వరసలో పెట్టుకోవడం కదా, ఈ వాడుక సరైనదేనా? బైబిల్లో కనిపించే ‘గైకొను’ అన్నా ఇదేనా? వినడం, లోబడడం, విధేయత అన్నీ ఒకటేనా? – ఒక పాఠకురాలు

సమాధానం: వాడుక సరైనదే. ‘అను’ అంటే వెంట, ‘అయ’ అంటే వెళ్లడం. ఒకదాని వెంట ఒకటి నడిచే పొందికే అన్వయం. పద్యంలో ఏ మాట ఏ మాటతో కలుస్తుందో చూసినట్టే, చదివిన వచనం మన బతుకులో ఎక్కడ కలుస్తుందో చూడడం అన్వయించుకోవడం. ‘అప్లై చేసుకోవాలి’ అనేవాళ్లదీ ఇదే ఉద్దేశం, అందులోనూ తప్పేమీ లేదు.

అయితే పద్యానికున్న నియమం ఇక్కడా ఉంది. మధ్యలోంచి ఒక పాదం పీకి దానికి తోచిన అర్థం చెప్పకూడదు. ‘సమాధానకరమైన ఉద్దేశములే గాని హానికరమైనవి కావు’ అన్న యిర్మీయా 29:11 చాలామందికి కంఠస్థం. ఇంటర్వ్యూకి వెళ్తూనో, పరీక్ష ఫలితాల టెన్షన్‌లోనో దాన్ని తలచుకుంటారు. అది బబులోనుకు చెరగా వెళ్లినవారికి రాసిన లేఖలోది. దాని ముందు వచనంలోనే 70 సంవత్సరాల మాట ఉంది. ఆ 70 ఏళ్లను వదిలేసి, రేపటికల్లా పని అయిపోతుందన్న హామీగా ఆ వచనాన్ని పట్టుకుంటే అన్వయం కుదరదు. ఆ వచనం ఇచ్చే ఆదరణ నిజమైనదే. అది ఓర్చుకుని ఎదురుచూసేవాళ్లకు ఇచ్చిన ఆదరణ.

మీరు గమనించాల్సిన అసలు సంగతి ‘అన్వయించుకొను’ చివరనున్న ‘కొను’. రాయడం వేరు, రాసుకోవడం వేరు. అలాగే అన్వయించడం వేరు, అన్వయించుకోవడం వేరు. ‘ఈ ప్రసంగం ఫలానావాళ్లు విని ఉంటే బాగుండేది’ అనుకున్నప్పుడు మనం అన్వయించాం, అన్వయించుకోలేదు. ఊరియా భార్యను తీసుకుని, అతణ్ని చంపించిన దావీదు రాజు చేసింది అదే. 2 సమూయేలు 12లో నాతాను ప్రవక్త అతనికి ఒక కథ చెబుతాడు. ధనవంతుడొకడు తన మందలు తనకుండగా, బీదవాడికున్న ఒక్కగానొక్క గొఱ్ఱెపిల్లను పట్టుకుపోయి అతిథికి వండి పెట్టాడు. దావీదుకు ఒళ్లు మండింది. ఆ మనిషి మరణపాత్రుడు, ఒకటికి నాలుగు ఇచ్చుకోవాలి అని తీర్పు కూడా చెప్పేశాడు. నీతి అర్థమైంది, తీర్పు న్యాయంగానే ఉంది, కోపం కూడా నిజమైనదే. లేనిదల్లా ఆ ‘కొను’ ఒక్కటే. ‘ఆ మనుష్యుడవు నీవే’ అని నాతాను అన్నాక గాని అది రాలేదు. వచ్చిన తర్వాత దావీదు ఒక్క సాకు కూడా చెప్పలేదు, పాపం చేశానని ఒప్పుకున్నాడు. బైబిలును రోజూ చదివేవాళ్లు ఈ అధ్యాయాన్ని ఎన్నిసార్లు చదివినా ఎక్కువ కాదని నా అభిప్రాయం.

ఇక ‘గైకొను’. ఇది ‘కైకొను’కి మరో రూపం. కై అంటే చెయ్యి. తమిళ కన్నడాల్లో నేటికీ అదే మాట. తెలుగులో కైవసం, కైదండ, కైమోడ్పు వంటి మాటల్లో నిలిచింది. చేతిలోకి తీసుకోవడం, చేపట్టడం గైకొనడం. ‘మీరు నన్ను ప్రేమించినయెడల నా ఆజ్ఞలను గైకొందురు’ (యోహాను 14:15). అన్వయించుకోవడం మనసులో జరిగే పని. గైకొనడానికి చెయ్యి కదలాలి. ‘మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు అని యుండవలెను’ అన్నది చదివి, నేను చిన్న చిన్న అబద్ధాలు ఆడుతున్నాను అని గుర్తిస్తే అన్వయించుకున్నట్టు. ఇంకా ఇంట్లోనే ఉండగా ‘ఎక్కడున్నావు?’ అని ఫోన్ వస్తే, నోటి చివరిదాకా వచ్చిన ‘దారిలో ఉన్నా’ను మింగి, ‘ఇంకా బయల్దేరలేదు, ఆలస్యమవుతుంది, క్షమించు’ అంటే గైకొన్నట్టు. రెండింటి మధ్య దూరం కొందరికి ఒక్క క్షణం, కొందరికి ఏళ్లు.

‘విను’ సంగతి మనకు వేరే చెప్పాలా? ‘మావాడు మాట వినడు’ అంటే వాడికి చెవుడని ఎవరూ అనుకోరు. హీబ్రూలో ‘షమా’ అన్న క్రియ కూడా అంతే, వినడం, చెప్పినట్టు చేయడం రెండూ అందులోనే ఉన్నాయి. అందుకే 1 సమూయేలు 15:22లో ‘ఆజ్ఞను గైకొనుటయు’, ‘మాట వినుటయు’ పక్కపక్కన నిలిచాయి. అక్కడి సందర్భం చూడండి. అమాలేకీయులను పశువులతో సహా నాశనం చేయమన్నది సౌలు రాజుకు అందిన ఆజ్ఞ. సమూయేలు ప్రవక్త తన దగ్గరికి రాగానే, యెహోవా ఆజ్ఞ నెరవేర్చానని సౌలు తానే ముందుగా చెబుతాడు. మరి నాకు వినబడే ఈ గొఱ్ఱెల అరుపులేమిటని సమూయేలు అడుగుతాడు. బలి అర్పించడానికి ఉంచామని సౌలు జవాబు. చెప్పింది చెయ్యకుండా, దాని బదులు భక్తిగా కనిపించే మరో పని చేసి సరిపెట్టుకోవడం సౌలుతో పోలేదు. ఇంట్లోవాళ్లతో మాట పట్టింపు పెట్టుకుని, దాన్ని అలాగే ఉంచి, గంటసేపు ప్రార్థన చేసి లేస్తే జరిగేది ఇదే.

లోబడడం, విధేయత మాత్రం ఒకటి కావు. లోబడడం అంటే ఒక అధికారం కిందికి రావడం. అది ఇష్టంతోనూ కావచ్చు, గత్యంతరం లేకా కావచ్చు. ‘దయ్యములు కూడ నీ నామమువలన మాకు లోబడుచున్నవి’ అని శిష్యులు సంతోషిస్తారు (లూకా 10:17). వాటికి విధేయత ఉందని మాత్రం ఎవరూ అనరు. విధేయతలో మనసు ఉంది. ఫిలిప్పీయులకు 2:8లో క్రీస్తు సిలువ మరణం పొందేంతగా ‘విధేయత చూపినవాడై’ అని ఉంది. అక్కడ ‘లోబడినవాడై’ అని పెట్టి చదవండి, ఎంత వెలితిగా ఉంటుందో మీకే తెలుస్తుంది.

మీ పాఠం విషయానికొస్తే, చిన్నపిల్లలకు ‘అన్వయించుకోవడం’ అనకండి, బరువైన మాట. ‘ఇది నాకే చెప్పాడు’ అనుకోమనండి, చాలు. ‘గైకొను’ మాట్లాడే భాషలోంచి దాదాపు వెళ్లిపోయింది కాబట్టి వివరించేటప్పుడు ‘పాటించు’, ‘చెప్పినట్టు చెయ్యి’ అనవచ్చు. కంఠతా పట్టించే వచనంలో మాత్రం దాన్ని మార్చకండి. కై అంటే చెయ్యి అని చెప్పి, పిల్లల చేత ఒకసారి చెయ్యి చాపించి ఆ వచనం చెప్పించండి.