మళ్లీ ఆపరేషన్ అంటున్నారు, పాప చదువు ఎఫ్‌డీ తీయవచ్చా?

ప్రశ్న: మాది కావలి. నా వయసు 39. ప్రైవేటు పాఠశాలలో పనిచేస్తున్నాను, జీతం 28 వేలు. మావారు చెరువు కౌలుకు తీసుకుని రొయ్యల సాగు చేస్తారు. 2022లో సొంత డబ్బుతో చెన్నైలో స్లీవ్ ఆపరేషన్ (బరువు తగ్గేందుకు జీర్ణాశయాన్ని చిన్నది చేసే శస్త్రచికిత్స) చేయించుకున్నాను. అప్పుడు నా బరువు 118 కిలోలు, ఎత్తు 160 సెంటీమీటర్లు. ఏడాదిన్నరలో 84 కిలోలకు తగ్గి అక్కడే ఆగిపోయాను, ఇప్పుడు 88. రాత్రిళ్లు ఛాతీలో మంట కూడా ఉంటోంది. స్లీవ్‌ను బైపాస్‌గా మార్చుకోవచ్చని (అంటే జీర్ణాశయాన్ని ఇంకా చిన్నది చేసి, తిండి చిన్నపేగులో కొంత భాగాన్ని దాటి వెళ్లేలా కలపడం), 5.5 లక్షలు అవుతుందని డాక్టరు గారు చెప్పారు. మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం. తన చదువుకని వేసిన 3 లక్షల ఎఫ్‌డీ, 18 సవర్ల బంగారం, నెలకు 10 వేల చొప్పున 50 నెలల చీటీలో 22 నెలలు కట్టిన డబ్బు, 2023 మార్చిలో తీసుకున్న 5 లక్షల కుటుంబ ఆరోగ్య బీమా ఉన్నాయి. అంత ఖర్చు పెట్టి మళ్లీ లావయ్యానని బంధువులు అంటుంటే తలెత్తుకోలేకపోతున్నాను. ఎఫ్‌డీ తీసి, మిగిలింది బంగారం పెట్టి ఆపరేషన్ చేయించుకోవచ్చా?

జవాబు: ఎఫ్‌డీని ఇప్పుడు ముట్టుకోవద్దు. ఆపరేషన్ వద్దని చెప్పే అర్హత నాకు లేదు, అది మీరూ డాక్టరు గారూ తేల్చుకోవలసిన విషయం. అయితే 5.5 లక్షలు ఎక్కడి నుంచి తేవాలన్న ప్రశ్న కంటే ముందు, ఈ ఆపరేషన్ దేనికోసం అన్న ప్రశ్నకు కాగితం మీద జవాబు ఉండాలి. బరువు ఆగినందుకా, ఛాతీలో మంటకా అన్నదాన్ని బట్టి బీమా, అప్పు, తొందర అన్నీ మారిపోతాయి.

ముందుగా బంధువుల మాట సంగతి. బీఎంఐ అంటే ఎత్తుకు తగిన బరువు ఉందో లేదో చూపే కొలత. మీ ఎత్తుకు బీఎంఐ 25 అంటే 64 కిలోలు. ఆ లెక్కన 2022లో మీకు ఉన్న అదనపు బరువు 54 కిలోలు, అందులో ఈ రోజుకు కూడా 30 కిలోలు, అంటే సుమారు 55 శాతం తగ్గే ఉన్నారు. అదనపు బరువులో సగానికి పైగా తగ్గితే ఆపరేషన్ ఫలించినట్టేనని సర్జన్లు చాలాకాలంగా వాడుతున్న కొలత. స్లీవ్ తరువాత తగ్గేదంతా దాదాపు మొదటి ఏడాది, ఏడాదిన్నరలోనే తగ్గుతుంది. ఆ తరువాత బరువు నిలవడం, కొంత తిరిగి రావడం చాలామందిలో జరిగేదే. ఇది మీ క్రమశిక్షణకు వచ్చిన మచ్చ కాదు. ఎవరో అన్న మాటకు సమాధానంగా అయిదున్నర లక్షలు ఖర్చు చేయవలసిన అవసరం మీకు లేదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన ఛాతీ మంట మాత్రం నా దృష్టిలో ఈ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన విషయం. స్లీవ్ తరువాత కొందరిలో కడుపులోని ఆమ్లం పైకి తన్నడం మొదలవుతుంది, లేదా ఉన్నది ఎక్కువవుతుంది. మందులకు లొంగనంత తీవ్రంగా ఉన్నప్పుడు స్లీవ్‌ను బైపాస్‌గా మార్చడం వైద్యులు అంగీకరించిన చికిత్సే. అందువల్ల మొదటి ఖర్చు ఎండోస్కోపీ, బేరియం ఎక్స్‌రే, రక్తపరీక్షలు, థైరాయిడ్, ఆహార నిపుణురాలితో రెండు మూడు సమావేశాలు. 2022 నాటి ఆపరేషన్ నోట్స్, డిశ్చార్జ్ సమ్మరీ తెప్పించుకుని, ఈ రిపోర్టులన్నిటితో ఆ ఆసుపత్రికి సంబంధం లేని మరో సర్జన్ అభిప్రాయం కూడా తీసుకోండి. దీనికి 30 వేలు పక్కన పెట్టండి. రెండో ఆపరేషన్‌లో చిక్కులు వచ్చే అవకాశం మొదటిదానికంటే ఎక్కువ కనుక ఈ 30 వేలు వృథా అని అనుకోవద్దు.

ఇక బీమా. ఊబకాయ శస్త్రచికిత్సకు బీమా ఎప్పుడు వర్తిస్తుందో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అన్ని కంపెనీలకూ ఒకే షరతులు పెట్టింది. వైద్యుని సలహా, 18 ఏళ్లు నిండిన వయసుతో పాటు బీఎంఐ 40 లేదా అంతకు మించి ఉండాలి. అలా కాకుంటే 35 లేదా అంతకు మించి ఉండి, మామూలు పద్ధతుల్లో బరువు తగ్గక, అదుపులో లేని టైప్ 2 మధుమేహం, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగుతూ ఉండడం), గుండెజబ్బు వంటివి తోడై ఉండాలి. మీ ప్రస్తుత బీఎంఐ 34.4. మన దేశపు వైద్య మార్గదర్శకాలు ఊబకాయపు జబ్బులు తోడైతే ఇంతకంటే తక్కువ బీఎంఐకే ఆపరేషన్‌ను సిఫారసు చేస్తాయి కనుక డాక్టరు గారి సలహాలో తప్పు లేదు, కానీ పాలసీ చూసేది తన షరతులనే. కేవలం బరువు కోసమైతే మీ క్లెయిము నిలవదనే అనుకుని లెక్క వేసుకోండి. రెండు కిలోలు పెరిగి 35 దాటిద్దామనో, కాగితంలో బరువు ఎక్కువ వేయిద్దామనో ఎవరు సలహా ఇచ్చినా వినవద్దు.

ఆమ్లం పైకి తన్నడం వల్ల అన్నవాహిక దెబ్బతిన్నదని ఎండోస్కోపీలో తేలి, మందులు వాడినా తగ్గక, ఆ కారణంతోనే ఆపరేషన్ అవసరమని సర్జన్ రాస్తే అది వేరే సంగతి. అప్పుడు మీరు అడిగేది బరువు తగ్గించే చికిత్సకు కాదు, ఒక జబ్బుకు. అప్పుడు కూడా కంపెనీ వాదించవచ్చు. కాబట్టి ఆసుపత్రిలో చేరక ముందే రిపోర్టులతో సహా ముందస్తు అనుమతికి పెట్టించి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. తిరస్కరిస్తే ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి, తరువాత బీమా నియంత్రణ సంస్థ వారి బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా హైదరాబాదులోని, పాలసీదారుల వివాదాలు తీర్చే బీమా అంబుడ్స్‌మన్‌కు ఫీజు లేకుండా దరఖాస్తు చేయవచ్చు.

అయితే వీటన్నిటికంటే ముందు బీరువాలోంచి, పాలసీ తీసుకునేటప్పుడు నింపిన ప్రతిపాదన పత్రం నకలు తీయండి. మీరు పాలసీ తీసుకున్నది మొదటి ఆపరేషన్ తరువాత. గతంలో శస్త్రచికిత్స జరిగిందా అన్న చోట ఏమని రాశారు? ఏజెంటు తనే నింపి సంతకం చేయించుకున్న ఫారాలు నేను చాలా చూశాను. అక్కడ ‘లేదు’ అని ఉంటే, ఎలాగూ కొత్త ఆపరేషన్ కాగితాల మొదటి పేజీలోనే పాత ఆపరేషన్ కనిపిస్తుంది. క్లెయిము పోవడమే కాదు, ఇంటిల్లిపాదికీ ఉన్న పాలసీ రద్దయ్యే ప్రమాదం ఉంది. అలాగైతే ముందే కంపెనీకి రాతపూర్వకంగా నిజం తెలియజేయండి. ప్రీమియం పెంచినా, ఏదైనా మినహాయింపు పెట్టినా, పాలసీ మొత్తం పోవడం కంటే అది మేలు. ‘అవును’ అని రాసి ఉంటే, ముందునుంచీ ఉన్న జబ్బులకు మీ పాలసీలో నిరీక్షణ కాలం (క్లెయిము చేసేందుకు ఆగవలసిన కాలం) ఎంతో, అది పూర్తయిందో లేదో చూడండి. 2024లో దాని గరిష్ఠ పరిమితిని 48 నెలల నుంచి 36 నెలలకు తగ్గించారు.

పరీక్షల్లో చెప్పుకోదగ్గ లోపం ఏమీ కనబడక, సమస్య బరువు ఆగడం ఒక్కటే అయితే, కనీసం ఆరు నెలలు ఆపరేషన్ ఆలోచన పక్కన పెట్టి, మాంసకృత్తులు పెంచిన ఆహారం, కండబలం పెంచే వ్యాయామం, అవసరమైతే డాక్టరు సూచించిన మందులతో ప్రయత్నించమని నా మనవి. వారానికొకసారి తీసుకునే ఇంజెక్షన్ల గురించి మీరు వినే ఉంటారు. అవి కూడా చవక కాదు. వాటిలో ఒకటైన మౌంజారో 2025 మార్చిలో మన దేశానికి వచ్చినప్పుడు 2.5 మిల్లీగ్రాముల వయల్ 3,500 రూపాయలు, 5 మిల్లీగ్రాములది 4,375. అంటే నెలకు 14 వేల నుంచి 17,500, మీ జీతంలో సగం, లేదా అంతకు పైన. ఆపేస్తే బరువు తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. ఈ రకం మందుల ధరలు ఇప్పుడు మారుతూ ఉన్నాయి కనుక మొదలుపెట్టే ముందు ఆనాటి ధరతో ఏడాది ఖర్చు లెక్క వేసుకోండి.

ఆపరేషన్ తప్పదని తేలితే డబ్బు ఇలా సమకూర్చండి. ఆసుపత్రి చెప్పిన 5.5 లక్షల్లో ఐసీయూ రోజులు, స్టేప్లర్లు, మళ్లీ చేరవలసి వస్తే అయ్యే ఖర్చు ఉన్నాయో లేదో రాతపూర్వకంగా అడగండి. దాని మీద మరో లక్షన్నర అవసరం కావచ్చని లెక్కలో ఉంచండి. సెలవు పెడితే జీతం కోస్తారా, చెన్నైకి ఎన్నిసార్లు వెళ్లాలి అన్నవి కూడా అందులోకే వస్తాయి. బైపాస్ తరువాత బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి జీవితాంతం వాడాలి, ఏటా రక్తపరీక్షలు చేయించాలి. నెలకు 2 వేలు అనుకున్నా ఇరవై ఏళ్లకు 4.8 లక్షలు. ఆ మందులు మానేస్తే రక్తహీనత, నరాల బలహీనత రావచ్చు. ఈ ఖర్చు నెల బడ్జెట్‌లో భరించగలమా అన్నది మీ ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి.

బీమా ఇవ్వని మొత్తానికి ముందు బ్యాంకులో బంగారు రుణం తీసుకోండి. వ్యక్తిగత రుణం కంటే వడ్డీ తక్కువ. రిజర్వు బ్యాంకు 2025లో ప్రకటించిన నిబంధనల ప్రకారం రెండున్నర లక్షల లోపు రుణానికి నగల విలువలో 85 శాతం దాకా ఇవ్వవచ్చు. చివర్లో ఒకేసారి కట్టే పద్ధతికి గడువు 12 నెలలే కనుక, మీకు నెలవారీ వాయిదాలే మంచిది. మీ జీతంలోంచి వాయిదా పోగలిగినంత వరకే అప్పు చేయండి. చెరువు మీద వచ్చే పంట డబ్బును నమ్ముకుని గడువు పెట్టుకోవద్దు. వైట్ స్పాట్ వైరస్ తెగులు వచ్చిన పంట ఎలా పోతుందో, 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు రొయ్య ధర ఏమయిందో మీకు నేను చెప్పనవసరం లేదు. మీ ఇంట్లో ఒకరి ఆదాయం అలా ఊగుతూ ఉన్నందువల్లనే ఎఫ్‌డీ తీయవద్దంటున్నాను. అది అమ్మాయి చదువు డబ్బే కాదు, పంట పోయిన ఏడాది మీ ఇల్లు నడిపే డబ్బు కూడా.

చీటీని కూడా ఇప్పుడు పాడుకోవద్దు. ఇంకా 28 నెలలు మిగిలి ఉండగా పాడితే తగ్గింపు ఎక్కువ పోతుంది, జామీనుదారుల కోసం తిరగాలి, ఆ తరువాత కూడా నెలనెలా 10 వేలు కడుతూనే ఉండాలి. అమ్మాయి ఇంజినీరింగులో చేరేనాటికి పోటీ తగ్గి పాట చవకవుతుంది, కళాశాల ఫీజుకు అప్పుడు తీసుకోండి.