కాటా చీటీ ఏదీ?

ప్రశ్న: బేతంచెర్ల నుంచి హైదరాబాద్‌కు బండలు తోలే పది టైర్ల లారీ నాది. 2025 మార్చిలో దారిలో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఆపారు. లోడుతో కలిపి 28.5 టన్నులు ఉండాల్సిన బండి 34.5 ఉందని రాశారు. ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) గడువు 40 రోజుల ముందే అయిపోయింది. నాన్నగారి ఆపరేషన్ హడావుడిలో చూసుకోలేదు. నేషనల్ పర్మిట్ మాత్రం ఉంది. ఈ జనవరిలో మోటారు వాహనాల చట్టం 192, 192ఎ, 194 సెక్షన్ల కింద కోర్టు సమన్లు వచ్చాయి. మా ఆవిడ నగలు తాకట్టులో ఉన్నాయి, రెండు అప్పు వాయిదాలు ఆగాయి. పాత తేదీతో ఎఫ్‌సీ తెచ్చిపెడతానని ఒక ఏజెంట్ అంటున్నాడు. లోడు సంగతి డ్రైవర్‌కే తెలుసని చెబితే సరిపోతుందా?
– ఒక లారీ ఓనర్, నంద్యాల జిల్లా

జవాబు: నగలు, వాయిదాల సంగతి మేజిస్ట్రేట్ అడగరు. మీ కేసును తేల్చే మాట మీరు మధ్యలో ఒక ముక్కలో చెప్పి వదిలేశారు: పర్మిట్ ఉంది.

ఓవర్‌లోడ్‌కు 194 కింద ఉన్నది జరిమానాయే. 20,000 రూపాయలు, పైన ఎక్కువైన ప్రతి టన్నుకు 2,000. మీ లెక్కన 32,000. ఎఫ్‌సీ లేని బండికి రిజిస్ట్రేషన్ లేనట్టేనని 56వ సెక్షన్ అంటుంది కాబట్టి 192 వేశారు. మొదటిసారి అయితే అదీ జరిమానాయే. ఇలాంటి నేరాలకు కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం (బీఎన్ఎస్ఎస్) 514వ సెక్షన్ కోర్టులో కేసు వేయడానికి ఇచ్చే గడువు ఆరు నెలలు. 192ఎలో ఆరు నెలల దాకా జైలు ఉంది కాబట్టి దానికి ఏడాది. అన్నీ కలిపి విచారిస్తే పెద్ద శిక్ష ఉన్న సెక్షన్ గడువే మిగతావాటికీ వర్తిస్తుంది. 192ఎ నిలవకపోతే మిగతా రెంటికీ కాలం చెల్లిందని వాదించే వీలుంటుంది.

192ఎ సెక్షన్ పర్మిట్ లేకుండా తిప్పినందుకు, లేదా పర్మిట్‌లోని రూటు, ప్రాంతం, వాడకం షరతులు మీరినందుకు. ఎక్కువ బరువు వీటిలో దేని కిందకూ రాదని గట్టిగా వాదించవచ్చు. కానీ ఏటా కట్టే నేషనల్ పర్మిట్ ఆథరైజేషన్ ఆ రోజుకు అమల్లో ఉందా? లేకపోతే ఈ వాదన అక్కడే ఆగిపోతుంది. ఇంకొకటి, గడువుకు లెక్క మీకు సమన్లు అందిన తేదీ కాదు, కోర్టులో కంప్లైంట్ దాఖలైన తేదీ. ఆలస్యాన్ని మన్నించే అధికారం బీఎన్ఎస్ఎస్ 519 కింద కోర్టుకు ఉంది, అదీ గుర్తుంచుకోండి.

రెండో సంగతి కాటా. ముందున్న దారిలో 10 కిలోమీటర్ల లోపు, లేదా చేరే ఊరికి 20 కిలోమీటర్ల లోపు ఉన్న వేబ్రిడ్జికి బండిని తీసుకెళ్లమనే అధికారం మోటారు వాహనాల చట్టం 114వ సెక్షన్ ఆ అధికారికి ఇచ్చింది. 34.5 అన్న అంకె ఎక్కడిది? బండి నంబరు, తేదీ, టైముతో చీటీ ఉందా, లేక బండల వరసలు చూసి వేసిన అంచనానా? అంచనా అయితే దాన్ని వదలకండి. కానీ మీ వేబిల్లు (సరుకుతో పంపే కాగితం)లోనే బరువు రాసి ఉంటే ఆ కాగితమే మీకు ఎదురు తిరుగుతుంది. డ్రైవర్ కాటాకు రానని మొండికేశాడేమో కూడా కనుక్కోండి, దానికి విడిగా 40,000 జరిమానా ఉంది.

పాత తేదీ ఎఫ్‌సీ జోలికి పోకండి. ఎఫ్‌సీ వివరాలు ఆన్‌లైన్ రికార్డులో ఉంటాయి, పాత తేదీ కాగితం అక్కడే దొరికిపోతుంది. ప్రభుత్వోద్యోగి ఇచ్చినట్టు దొంగ సర్టిఫికెట్ పుట్టిస్తే భారతీయ న్యాయ సంహిత 337 కింద ఏడేళ్ల దాకా జైలు. జరిమానాతో పోయే కేసును మీ చేతులతో మీరే జైలు కేసు చేసుకుంటారు. ఏజెంట్ మాత్రం మీ పక్కన బోనులో నిలబడడు.

డ్రైవర్ మీద తోసేయడమూ కుదరదు. నడిపినవాడితో పాటు నడపనిచ్చినవాడినీ 194 పట్టుకుంటుంది. కిరాయి మాట్లాడుకున్నది మీరే కదా.

ఆపరేషన్ అంటున్నారు, సరే. మరి ఎఫ్‌సీ లేని ఆ 40 రోజులూ లారీ రోడ్డు మీద తిరుగుతూనే ఉంది కదా! ఆ మధ్య యాక్సిడెంట్ జరిగి ఉంటే పరిహారం సొమ్ము కోసం ఇన్సూరెన్స్ కంపెనీ మీ మీదికే వచ్చేది.

కోర్టు వాయిదాకు లాయరుతో వకాలత్ వేయించండి, లేకపోతే వారంట్ వస్తుంది. అదే రోజు కాపీ అప్లికేషన్ పెట్టి కంప్లైంట్, దానితో ఉన్న కాగితాలు తీసుకోండి. దాఖలు తేదీ ఆరు నెలలు దాటి ఉంటే నేరం ఒప్పుకునే కాగితం మీద సంతకం పెట్టకముందే గడువు పిటిషన్ వేయాలి. ఆరు నెలల లోపే ఉంటే, పర్మిట్ చూపించి 192ఎ తీసేయించుకుని, కాటా చీటీ సరిగ్గా ఉంటే మిగతాది కట్టేయండి. 192 కింద మొదటిసారి 2,000 నుంచి 5,000. రెండోసారి దొరికితే మాత్రం ఏడాది దాకా జైలు ఉంది, కాబట్టి బండి కదిలేలోపు అసలు ఎఫ్‌సీ చేయించండి.