పేపర్లు దిద్దబోయే మేనకోడలికి

చిట్టీ,

ఎస్ఏ-1 పరీక్ష పేపర్ల కట్టలు ఇంటికి తెచ్చుకున్నావని మీ అమ్మ చెప్పింది. మొన్న ఫోన్‌లో "నాకు పిల్లలందరూ ఒక్కటే మామయ్యా" అన్నావు. నిజమే, నీ మనసు నాకు తెలియనిదా! కానీ దిద్దేటప్పుడు మంచి మనసొక్కటే సరిపోదు. పైన పేరు కనబడగానే 'వీడు బాగా రాస్తాడు', 'వీడింతే' అని ఒక లెక్క పడిపోతుంది. పడినట్టు మనకే తెలియదు.

రెమా హన్నా, లీ లిండెన్ అనే ఆర్థికవేత్తలు మన దేశంలోనే దీన్ని పరీక్షించారు. 2012లో అచ్చయింది. పిల్లల పేపర్ల పై పేజీలో కులం, వయసు, ఆడో మగో అన్నవి లాటరీ తీసినట్టు కల్పించి రాసి, టీచర్ల చేత దిద్దించారు. కింది కులమని ఉన్నవాటికి మార్కులు కాస్త తగ్గాయి. తేడా చిన్నదే. అయితే అలా తగ్గించింది ఎక్కువగా ఆ కులాల నుంచి వచ్చిన టీచర్లేనట! కాబట్టి 'నేనూ ఆ కష్టాలు పడి వచ్చినదాన్నే, నాకెందుకుంటుంది' అనే ధీమా ఎవరికీ పనికిరాదు. ఇంకో సంగతి, తేడా మొదట దిద్దిన పేపర్లలోనే ఎక్కువ, పోనుపోను తగ్గింది. ఏ జవాబుకు ఎంత వేయాలో ఇంకా చేతికి కుదరనప్పుడే కళ్ళు పేరు వైపు పోతాయన్నమాట.

అందుకని ముందు పై పేజీలన్నీ వెనక్కి మడిచెయ్. ఏ పాయింటుకు ఎన్ని మార్కులో కాగితం మీద రాసి పక్కన పెట్టుకో. ఒక్కో పేపరూ పూర్తిగా దిద్దకుండా, అందరివీ ఒకటో ప్రశ్న అయ్యాక రెండోదానికి వెళ్ళు. చివర్లో, మొదట దిద్దిన పది మళ్ళీ చూడు.

దస్తూరి మాత్రం మడిస్తే దాగదు. కిరణజన్య సంయోగక్రియ ప్రశ్నే తీసుకో. ఒకమ్మాయి స్కెచ్ పెన్నుతో హెడింగు పెట్టి, ముచ్చటగా ఆకు బొమ్మ గీసి, కార్బన్ డై ఆక్సైడ్ మాటే ఎత్తదు. ఇంకొకడు వంకర అక్షరాలతో "ఆకు ఎండ పట్టుకొని, గాల్లో కార్బన్ డై ఆక్సైడ్, ఏర్ల నీళ్ళతోటి తిండి చేసుకుంటది" అని రాస్తాడు. 'వేర్ల' అనాల్సిన చోట 'ఏర్ల' అని కనబడగానే ఎర్రపెన్ను దాని కింద గీత గీయడానికి ఉరుకుతుంది. ఆపు. నువ్వు దిద్దుతున్నది సైన్సు, వాడి జవాబులో అసలు విషయమంతా ఉంది.

స్కాలర్‌షిప్ ఫారాలిచ్చే రోజు "ఎస్సీలు లేవండి, బీసీలు లేవండి" అని క్లాసులో పిలవకు. చాలాచోట్ల ఇంకా జరుగుతోంది, నాకు ఒళ్ళు మండేది. పేరు పెట్టి పిలిచి చేతికివ్వు. చీపురు ఎవరికిస్తున్నావో, నీళ్ళకు ఎవరిని పంపుతున్నావో వారానికోసారి గమనించుకో.

స్టాఫ్ రూములో ఎవరో ఒక సీనియర్ "ఆ పేట పిల్లలకు చదువెక్కదమ్మా" అంటారు. కొత్తగా చేరావు, పెద్దవాళ్ళతో వాదనకు దిగకు. "ఎవరి సంగతండీ? నోట్సు చూద్దాం" అని ఆ పిల్లాడి పేరు అడుగు. సాధారణంగా మాట అక్కడితో ఆగుతుంది.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ ఆకు జవాబులు నాలుగైదు జిరాక్సు తీసి పట్టుకురా, పేర్లు లేకుండా. ఇద్దరం విడివిడిగా మార్కులేసి, ఎక్కడ తేడా వస్తుందో చూద్దాం.

మీ మామయ్య